పప్పు పలాసకు... పండు మట్టికి!

ఇటలీలో పన్నెండెకరాల తోట ఒక కుటుంబాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. గోవాలో చెట్టు కింద రాలిన పండే ఆ రాష్ట్రానికి వారసత్వ సంపద అయింది. బ్రెజిల్‌లో అదే పండు ప్రతి ఇంటా అతిథి మర్యాదగా మారింది. మరి ఉద్దానంలో..? పిక్క బస్తాకెక్కుతోంది, పండు చెట్టు కిందే కుళ్లిపోతోంది. ఎవరూ పట్టించుకోని ఆ పండు కథ ఇది.

ఏప్రిల్ నెల. పొద్దున్నే టెక్కలిలో బస్సెక్కి పలాస వైపు బయల్దేరి, కిటికీ తీసి ఉంచితే చాలు... తోటల కన్నా ముందు వాసన పలకరిస్తుంది. మాగిన పండు తీపి, దాని వెనకే కాస్త పులుపు, ఆపైన ముక్కుకు తగిలే ఓ ఘాటు. శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. జీడితోటలు కాపుకొచ్చాయన్నమాట!

రోడ్డు దిగి వజ్రపుకొత్తూరు వైపో, మందస వైపో నాలుగడుగులు వేస్తే కళ్లు చెదిరిపోతాయి. ఎర్రవి, పసుపువి, రెండూ కలిసినవి... కొమ్మ కొమ్మకీ పండ్లు. ప్రతి పండు కిందా బూడిదరంగు పిక్క ఒకటి, ముక్కుపుడకలా వేలాడుతూ. పండు లోపల ఉండాల్సిన గింజ బయటెందుకుందని చిన్నపిల్లలు అడుగుతుంటారు. అసలు రహస్యం ఏమిటంటే, మనం పండనుకునేది పండే కాదు! వృక్షశాస్త్రం ప్రకారం అసలు కాయ ఆ పిక్కే. దాన్ని మోసే తొడిమ ఉబ్బి, రసం నింపుకొని, రంగు పులుముకొని పండులా ముస్తాబవుతుంది.

పాపం, ఆ ముస్తాబంతా వృథా. తోటలో ఏరేవాళ్ల చేతులు చూడండి. వంగుతారు, రాలిన పండు తీస్తారు, పిక్కను ఒక్క మెలి తిప్పుతారు. పిక్క బుట్టలోకి, పండు నేల మీదకి. పొద్దెక్కేసరికి పిక్కల కుప్ప ఓ పక్క, పండ్ల కుప్ప ఓ పక్క. మొదటి కుప్ప ఇంటికెళ్తుంది. రెండోదాని మీద ఈగలు ముసురుతాయి. పిల్లలు నాలుగు పండ్లు ఉప్పూకారం అద్దుకుని తింటారు, పశువులు కొన్ని తింటాయి. మిగిలింది మట్టిపాలు.

ఎంత మిగులుతుందో లెక్క వేద్దామా? జీడిపండు తన పిక్క కంటే దాదాపు ఆరు నుంచి ఎనిమిది రెట్లు బరువుంటుంది. ఉద్దానంలో పిక్కల లెక్క బస్తాల్లోనే... బస్తా అంటే 80 కిలోలు. అంటే ఒక్క బస్తా పిక్కలు ఇంటికి చేరాయంటే, సుమారు అరటన్ను పండు తోటలోనే ఉండిపోయిందని అర్థం! పోనీ అది పనికిమాలిన పండా అంటే, నారింజతో పోలిస్తే దీనిలో విటమిన్‌-సి నాలుగైదు రెట్లు ఎక్కువ. బరువులో సగానికి పైగా రసమే.

ఇంత రసాన్ని ప్రపంచంలో ఇంకెవరైనా ఇలా పారబోస్తున్నారా?

ఒకే కొమ్మ... రెండు జాతకాలు

పిక్క జాతకం మాత్రం వేరు. దానికి పలాస-కాశీబుగ్గలో రాజమర్యాద జరుగుతుంది. ఎండబెడతారు, ఆవిరి పడతారు, పగలగొడతారు, పప్పును వేడిగదిలో ఆరబెడతారు, పొట్టు తీస్తారు, ఆనక ఏరతారు. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులోనూ మళ్లీ తరగతులున్నాయి. డబ్ల్యు-180 అంటే ఒక పౌను, అంటే 454 గ్రాముల తూకానికి 180 పప్పులకు మించనిది. అది మహారాజు! డబ్ల్యు-240, డబ్ల్యు-320 దాని తర్వాతి వరస. 80 కిలోల పిక్కల బస్తా ఇన్ని చేతులు మారితే చివరికి దక్కే పప్పు సుమారు 22 కిలోలు.

ఈ పనిలో చాలావరకు కుటుంబాలదే. తండ్రి మొదలుపెట్టిన పరిశ్రమను కొడుకు నడపడం, ఇంటి వెనకే షెడ్డు, ముందు కొట్టు... పలాసలో మామూలు దృశ్యం. ఇక పని చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే. పిక్క పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. యంత్రాలు రాకముందు చేతులకు బూడిదో, ఆముదమో రాసుకుని పిక్కలు కొట్టినవాళ్ల వేళ్ల మీద ఆ నల్లటి మచ్చలు ఏళ్ల తరబడి ఉండిపోయేవి. మన పాయసంలో తేలే ప్రతి పలుకు వెనకా ఇలాంటి చేతులున్నాయి.

అంటే నైపుణ్యం లేక కాదు, ఓపిక లేక కాదు, కుటుంబ వ్యాపారం తెలియక అసలే కాదు. మరి పండు దగ్గరే ఎందుకు ఆగిపోయాం? జవాబు వెతకాలంటే ఓసారి సముద్రాలు దాటి వెళ్లిరావాలి.

అక్కడా ఓ ఉద్దానం!

ఇటలీకి వాయవ్యాన పీడ్‌మాంట్‌ అనే ప్రాంతం. అందులో లాంగే కొండలు. అక్కడ రెండే ప్రసిద్ధం... ఒకటి హేజెల్‌నట్‌ అనే గింజ, రెండు ద్రాక్ష. ఆ గింజతోనే 1964లో ఆల్బా పట్టణంలోని ఫెరేరో కుటుంబం నుటెల్లా తయారుచేసింది. ఆ ద్రాక్షతోనే బరోలో అనే చిన్న ఊళ్లో, ఆ ఊరి పేరుతోనే, ప్రపంచమంతా వెతుక్కునే వైను తయారవుతోంది. వాళ్లకు గింజ ఒక చెట్టుకు, పండు ఒక తీగకు. మనకైతే రెండూ ఒకే కొమ్మకు!

ఇప్పుడు ఆ కొండలను చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. 2014లో యునెస్కో ఆ ద్రాక్షతోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటికి అది వట్టి పేద సీమ. చిన్నచిన్న కమతాలు, చాలని పంట, అప్పులు. కుర్రాళ్లు తోటలు వదిలేసి ట్యూరిన్‌లోని ఫియట్‌ కార్ల కర్మాగారానికి వలస పోయేవారు. ఊళ్లలో ముసలివాళ్లే మిగిలేవారు. శ్రీకాకుళం పాఠకులకు ఈ మాటలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. వలస బాధ ఏ భాషలో చెప్పినా ఒకటే కదా!

ద్రాక్ష పండించే చిన్న రైతుకు ఇంకో బాధ. కోసిన పండు నిలవ ఉండదు. ఆల్బా సంతకు బండి తోలుకెళ్లి, వర్తకుడు ఎంతంటే అంతకు అమ్మేసి రావాలి. బేరం కుదరకపోతే సాయంత్రానికి పండు పాడవుతుంది. ధర చెప్పే హక్కు పండించినవాడికి లేదు.

ఈ పరిస్థితిని మార్చినవాళ్లలో ఒకరు ఎవరో తెలుసా? బడి పంతులు! కాస్తిల్యోనె ఫల్లెత్తో అనే ఊరికి మేయరుగా కూడా ఉన్న ఆర్నాల్డో రివేరా. 1958లో ఆయన 22 మంది రైతులను కూడగట్టి ‘తెర్రె దెల్‌ బరోలో’ అనే సహకార సంఘం పెట్టాడు. పండును వర్తకుడికి పోసే బదులు అందరూ కలిసి ఒకేచోట రసం తీసుకుందాం, వైను చేసుకుందాం, మన పేరుతోనే అమ్ముకుందాం... ఇదే ఆయన ఆలోచన. ఆ సంఘం నేటికీ నడుస్తోంది.

ఫెరేరో కుటుంబమూ ఓ మంచిపని చేసింది. కొండల్లోని ఊళ్లకు కర్మాగారం బస్సులు పంపింది. పగలు పని చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, తోట చూసుకోవచ్చు. దాంతో ఊరు వదిలిపోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది.

నాన్న గీసిన బొమ్మలు

బరోలో ఊళ్లో మస్కరెల్లో కుటుంబానిది అందరూ చెప్పుకునే కథ. తాత జూలియో మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక సొంతంగా వైను చేయడం మొదలుపెట్టాడు. కొడుకు బార్తొలో ఆ పని అందుకున్నాడు. తోట సుమారు ఐదు హెక్టార్లు... మన లెక్కలో పన్నెండెకరాలకు కాస్త ఎక్కువ. ఉద్దానంలో ఓ మోస్తరు రైతుకుండే తోటకన్నా మరీ పెద్దదేం కాదు.

పని తీరు కూడా సాదాసీదాగానే ఉంటుంది. నెబ్బియోలో అనే ద్రాక్ష ఆలస్యంగా, దాదాపు అక్టోబరులో పక్వానికొస్తుంది. చేత్తో కోస్తారు. నలిపి సిమెంటు తొట్లలో పోస్తారు. పండు మీద సహజంగా ఉండే ఈస్టుతోనే పులియనిస్తారు. తొక్కలతో కలిపి వారాల తరబడి ఉంచాక, రసాన్ని పెద్ద పెద్ద చెక్క పీపాల్లోకి మార్చి ఏళ్లపాటు కదపకుండా వదిలేస్తారు. బరోలో అనే పేరు పెట్టుకోవాలంటే కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కలోనే ఉండాలి. అదీ అక్కడి చట్టం. ఈ ఏడాది పండుకు సొమ్ము కళ్లజూడాలంటే మూడేళ్లకు పైగా నిరీక్షణ అన్నమాట!

ఈ ఓపికే 1980ల్లో ఇళ్లల్లో గొడవలు తెచ్చింది. పెద్ద పీపాలు పాతబడిపోయాయి, ఫ్రాన్సులో వాడే చిన్న కొత్త పీపాలు తెస్తే వైను త్వరగా తయారవుతుంది, విదేశాల్లో బాగా అమ్ముడుపోతుంది అని కుర్రాళ్లు. తాతల పద్ధతి మార్చడానికి వీల్లేదని పెద్దలు. లా మొర్రా అనే ఊళ్లో ఎలియో ఆల్తారె అనే యువకుడు 1983లో ఏకంగా రంపం పట్టుకుని తండ్రిగారి పాత పీపాలను కోసేశాడు. తండ్రి అతనికి ఆస్తి లేకుండా చేశాడు! ఎవరిది ఒప్పు? ఇద్దరి వైనుకూ ఇవాళ అభిమానులున్నారు. తండ్రీకొడుకుల మధ్య జరిగిన నష్టం మాత్రం ఏ వైనూ పూడ్చలేదు.

బార్తొలో మస్కరెల్లోది పెద్దల పక్షం. ఎంత ఒత్తిడి వచ్చినా చిన్న పీపా గడప తొక్కనివ్వలేదు. వయసు మీదపడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక తోటలోకి వెళ్లలేక, కూర్చున్న చోటే సీసాల మీద అంటించే కాగితాలకు చేత్తో రంగుల బొమ్మలు గీసేవాడు. చిన్న పీపాలూ వద్దు, బెర్లుస్కోనీ కూడా వద్దు అని రాసిన ఆయన లేబులు ప్రపంచమంతా చెప్పుకునే హాస్యమైంది. 2005లో ఆయన కన్నుమూశాక ఆ తోటను, ఆ పీపాలను, ఆ పద్ధతిని నడుపుతున్నది ఆయన కూతురు మరియా తెరెసా. ఒక్కగానొక్క కూతురు. వారసుడు లేడని తోట అమ్మేయలేదు... వారసురాలుందిగా!

అన్నట్టు, ఈ మంచిపేరుకు ఓసారి గట్టి దెబ్బ తగిలింది. 1986లో ఇటలీలో కొందరు లాభాపేక్షతో వైనులో మిథైల్‌ ఆల్కహాల్‌ కలిపారు. 20 మందికి పైగా చనిపోయారు. కల్తీ మొదలైంది పీడ్‌మాంట్‌లోనే. ఏ పాపం ఎరగని రైతుల వైను కూడా కొనేవాళ్లు లేకపోయారు. ఆ తర్వాత తనిఖీలు కఠినమయ్యాయి. సీసా మీద ఊరు పేరు, తోట పేరు, ఇంటి పేరు ఉండటం ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. పేరు రాసుకున్నవాడు తప్పు చేయడానికి భయపడతాడు మరి!

తోడు పెట్టే విద్య

ఇటలీలోనే తస్కనీ ప్రాంతంలో ‘విన్‌ శాంతో’ అని ఒక తియ్యటి వైను ఉంది. ఇంటికొచ్చిన చుట్టానికి గట్టి బిస్కెట్లతో కలిపి పెడతారు. ద్రాక్షగుత్తులను అటక మీద వేలాడదీసి నెలల తరబడి ఎండనిస్తారు. పిండిన కాస్త రసాన్ని చిన్న పీపాల్లో పోసి మూడేళ్లకు తక్కువ కాకుండా అటక మీదే ఉంచుతారు. ఎండాకాలం ఉడుకూ, చలికాలం వణుకూ రెండూ దానికి తగలాలి.

అందులో మన ఆడవాళ్లకు చటుక్కున అర్థమయ్యే కిటుకు ఒకటుంది. పీపా ఖాళీ చేసినప్పుడు అడుగున మిగిలే మడ్డిని కొన్ని కుటుంబాలు పారేయవు. దాన్ని వాళ్లు ‘అమ్మ’ అంటారు. తర్వాతి ఏడాది రసానికి అదే తోడు! మనం నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసినట్టు. కోడలు కాపురానికొస్తూ పుట్టింటి మజ్జిగ తెచ్చుకున్నట్టు. పులియబెట్టడం మనకు రాని విద్యేం కాదు. అట్టు, ఇడ్లీ, ఆవకాయ, తరవాణి... మన వంటిల్లు నడిచేదే ఆ విద్య మీద.

గోవా ఏం చేసింది?

జీడిచెట్టు మనది కాదు, బ్రెజిల్‌ది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చారు. పడమటి తీరంలో దిగి, మెల్లగా తూర్పు తీరం ఇసుక నేలలకూ చేరింది. తెలుగువాళ్లు దాన్ని చూసి ముంతమామిడి అన్నారు. గోవావాళ్లు నిజంగానే ముంత పట్టుకొచ్చారు!

గోవాలో పండును చెట్టు నుంచి కోయరు. దానంతటదే రాలాలి. రాలిన పండ్లను ఏరి, పిక్క తీసి, రాతి తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. కారిన రసాన్ని కుండల్లో పోసి రెండు మూడు రోజులు పులియనిస్తారు. ఆపైన రాగి పాత్రలో కాచి ఆవిరి పడతారు. మొదటిసారి దిగేది ఉర్రాక్‌. మళ్లీ కాస్తే ఫెనీ. కొండల మీద వేసవి రెండు మూడు నెలలూ బట్టీలు వెలుగుతూనే ఉంటాయి. ఎక్కువగా కుటుంబాలే నడుపుతాయి. 2009లో గోవా ఫెనీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని రాష్ట్ర వారసత్వ పానీయంగా ప్రకటించింది. అదే చెట్టు, అదే పండు, అదే వేసవి. అక్కడ వారసత్వం, ఇక్కడ చెత్త!

మరి మనమూ బట్టీ పెడదామా అంటే... ఆగండి. ఇక్కడ ఇంకో చరిత్ర ఉంది.

దూబగుంట గుర్తుందా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదకు నడిచారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. మగవాళ్ల కూలి డబ్బంతా సారా ప్యాకెట్లకే పోతుంటే పిల్లల పొట్టలు ఎండిపోతున్నాయని మొదలైన పోరాటమది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలైంది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు కానీ సారా తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. అనుమతి లేకుండా ఇంట్లో మత్తుపానీయం కాచడం ఇవాళ్టికీ నేరమే.

కాబట్టి ఇటలీ రైతు ఇంటి ముందు సీసా పెట్టుకుని అమ్మినంత సులువు కాదు ఇక్కడ. సులువు కాకపోవడం వెనక ఎందరో తల్లుల కన్నీళ్లున్నాయి. ఉద్దానానికి అదనంగా ఇంకో గాయం ఉంది. ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ఈ పల్లెలను పీల్చి పిప్పి చేస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. వైద్యం ఖర్చులకు తోటలు అమ్ముకున్న ఇళ్లున్న చోట, కొత్తగా మరో మత్తు తెమ్మని ఎవరం చెప్పగలం?

అయితే రసానికి మత్తు ఒక్కటే దారి కాదు. ఆ సంగతి చెట్టు పుట్టింటివాళ్లకే బాగా తెలుసు.

పుట్టింటి మర్యాద

బ్రెజిల్‌ ఈశాన్యాన పియావీ అనే రాష్ట్రం. అక్కడ ఏ ఇంటికెళ్లినా తేనెరంగులో మెరిసే చల్లటి పానీయం గ్లాసులో పోసిస్తారు. పేరు కజుయీనా. జీడిపండు రసమే, కానీ గొంతు పట్టదు, మత్తెక్కించదు. రసం తీసి, వగరును విరిచి, వడగట్టి, సీసాల్లో నింపి, ఆ సీసాలను నీళ్లలో పెట్టి ఉడికిస్తారు. రసంలోని చక్కెర మెల్లగా మాగి ఆ బంగారు రంగు వస్తుంది. చేసేది ఎక్కువగా ఇళ్లల్లోనే. ఒక్కో కుటుంబానిది ఒక్కో చేతివాటం. పెళ్లిళ్లకూ పేరంటాలకూ సీసాలు పంచుకుంటారు. 2014లో బ్రెజిల్‌ ప్రభుత్వం ఈ తయారీ సంప్రదాయాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది.

ఇంకో విశేషం. ఈ పానీయానికి ప్రాచుర్యం తెచ్చినవాడిగా చెప్పే రొడోల్ఫో తెయోఫిలో మందుల తయారీ చదివినవాడు, రచయిత. జనాన్ని సారాలాంటి మద్యం నుంచి మళ్లించడానికే ఆయన దీన్ని ప్రచారం చేశాడు. మన దూబగుంట తల్లులు విని ఉంటే ఎంత సంతోషించేవారో!

వగరు విరవడం మనకూ కష్టమేం కాదు. జీడిపండులో టానిన్లు అనే పదార్థాలుంటాయి. గొంతు గరగరకు అవే కారణం. గంజిలాంటి పిండి పదార్థం కలిపితే ఆ టానిన్లు దానికి అతుక్కుని అడుగుకు చేరతాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం సగ్గుబియ్యంతో ఈ పని చేసే పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. దాంతో షర్బతు, జామ్‌, క్యాండీ, పచ్చడి వరకూ చేయొచ్చు. అదే కేరళ 2022లో పండ్లతో తేలికపాటి వైను చేసే చిన్న యూనిట్లకు అనుమతినిస్తూ నిబంధనలు తెచ్చింది. మన రాష్ట్రంలోనూ బాపట్లలో జీడిమామిడి పరిశోధన స్థానం ఉంది. అక్కడి నుంచి వచ్చిన బీపీపీ-8 లాంటి రకాలు రైతులకు కొత్తేం కాదు. పిక్కకు శాస్త్రం తోడైంది, పండుకే తోడు కరవైంది.

ఇంట్లోనే... జీడిపండు షర్బతు!

* అదే రోజు రాలిన, దెబ్బ తగలని పండ్లు తీసుకోండి. పిక్క తీసేసి బాగా కడగండి. స్టీలు, గాజు పాత్రలే వాడాలి. ఇనుము తగిలితే రసం నల్లబడుతుంది.

* పండ్లు ముక్కలు చేసి, పిండి, పలుచటి బట్టలో వడగట్టండి.

* లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని కాసిని నీళ్లలో జిగురుగా ఉడికించి, చల్లార్చి రసంలో కలపండి. ఫ్రిజ్‌లో 12 గంటలు కదపకుండా ఉంచండి.

* పొద్దుటికి మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన రసాన్ని మెల్లగా వంచుకోండి.

* లీటరు రసానికి కిలో పంచదార వేసి కరిగేదాకా మరిగించి, దించాక రెండు నిమ్మకాయల రసం పిండండి. ఆరాక శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. తాగేటప్పుడు ఒక వంతుకు మూడు వంతుల చల్లటి నీళ్లు కలిపితే సరి.

* మూత్రపిండాల సమస్య ఉన్నవారు, మధుమేహులు వైద్యుణ్ని అడగకుండా తాగొద్దు.

ఒక్క రోజు గడువు

ఇంత చెప్పాక, మరి ఎవరూ ఎందుకు చేయడంలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. అసలు చిక్కు పండు తొందరలో ఉంది. రాలిన జీడిపండు ఒక్క రోజు దాటితే పాడైపోతుంది. పిక్కను ఎండబోసి నెలలు దాచుకోవచ్చు, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. పండుకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కో రైతు ఒంటరిగా గానుగ పెట్టలేడు, పెట్టినా రెండు నెలల పనికి ఖర్చు కిట్టదు. ఊరికొక్కటైనా రసం తీసే చోటు ఉంటే, పొద్దున ఏరిన పండు మధ్యాహ్నానికల్లా అక్కడికి చేరితే అప్పుడు కథ మారుతుంది. 1958లో ఆ బడి పంతులు 22 మందితో చేసిన పని సరిగ్గా ఇదే కదా!

ఇప్పుడెందుకు ఈ మాట అంటే, ఉద్దానానికి పిక్క ఒక్కటే ఆధారమైతే సరిపోవడంలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం గొల్లపాడు దగ్గర తీరం దాటింది. తాతల నాటి జీడిచెట్లు, కొబ్బరిచెట్లు ఆ కొన్ని గంటల్లో నేలకూలాయి. జీడి అంటు నాటితే కాపు మొదలవడానికే మూడు నాలుగేళ్లు, నిండుగా కాయడానికి ఇంకా కొన్నేళ్లు. మళ్లీ నాటినవాళ్లు ఆ నిరీక్షణ భరించారు. ఇంతలో ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో దిగుతూనే ఉన్నాయి. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర కావాలని 2023లో ఉద్దానం రైతులు ఆందోళనకు దిగారు. చెట్టు నుంచి వచ్చే రాబడి అంతా ఒక్క పిక్క మీదే ఆనుకుంటే, ఆ ధర తగ్గిన ఏడు ఇల్లు కదిలిపోతుంది. పండుకు పది రూపాయలొచ్చినా, అది తగ్గిన ధరకు పెట్టిన ఓ పోటు కర్ర.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆఫ్రికా పిక్క ఓడెక్కి పలాస రాగలదు. ఆఫ్రికా పండు రాలేదు! ఒక్క రోజులో పాడైపోవడం ఆ పండుకున్న లోపమని ఇన్నాళ్లూ అనుకున్నాం. కానీ దానితో పోటీకి వేరే దేశం పండు ఎన్నటికీ రాలేదన్నమాట. ఆ రసం ఉద్దానంలో తీస్తే ఉద్దానంలోనే తీయాలి. సీసా మీద ఊరు పేరు రాస్తే ఆ పేరు నిజంగా ఆ ఊరిదే అవుతుంది. బరోలో అనే మూడక్షరాలకు విలువ వచ్చింది ఇలాగే.

ఉద్దానం అంటే ఉద్యానవనం అని పెద్దలు చెబుతారు. వనానికి ఆ పేరు పెట్టినవాళ్లు పిక్కల బస్తాలను చూసి పెట్టి ఉండరు. పచ్చదనాన్ని, పండ్లను, ఆ వాసనను చూసి పెట్టారు. వచ్చే ఏప్రిల్‌లో పలాస దారిన వెళ్లేటప్పుడు ఆ తీపి వాసన మళ్లీ తగులుతుంది. ఏ తోటలోనో ఒకామె వంగి పండు తీసి, పిక్క మెలి తిప్పుతూ ఉంటుంది. ఆ రెండో చేతిలో మిగిలిన పండు ఎక్కడ పడుతుంది... నేల మీదా, ఇంకో బుట్టలోనా?

రెండో బుట్ట ఒకటి తోటకు తీసుకెళ్లాల్సిందే. మొదలు అక్కడే.